పొత్తికడుపు అని చెప్పిన నొప్పి

ఆ ఎండాకాలమంతా నాకు కలలాగే గుర్తుంది. కొండాపూర్ అపార్ట్‌మెంటులో ఇంటి నుంచే పని. మధ్యాహ్నం కర్టెన్ల వెనక పసుపు వెలుగు, బల్ల మీద గ్లాసులో మెల్లగా ఉబ్బే సబ్జా గింజలు. మీటింగులో ఎవరో మాట్లాడుతూనే ఉండేవారు. నేను మాత్రం ఆ గింజల్ని చూస్తూ మనసులోనే ఎవరో పాపకి జడ వేస్తుండేవాణ్ణి. పాప ముఖం కనపడేది కాదు, జడ ఒక్కటే కనపడేది.

నొప్పి ఎడమ వృషణంలో. పోటు కాదు, సాయంత్రానికి బరువుగా లాగేది. పెళ్లయి కొన్నేళ్లయినా పిల్లల్లేరు. ఇక పుట్టరేమో, లోపం నాలోనే ఉందేమో అని గుండెల్లో రాయి పడింది. కానీ ఆ మాట ఇంట్లో ఎలా అనడం? తిట్లలో తప్ప మన నోట రాదాయె! అందుకే, వేసవికి అనంతపురం నుంచి వచ్చిన అత్తగారు అడిగితే, "పొత్తికడుపులో నొప్పండీ" అన్నాను. మా ఆవిడకీ అదే చెప్పాను.

"వేడి చేసిండాదిలే నాయనా" అని అత్తగారు తేల్చేశారు. ఇక రోజూ సబ్జా నీళ్లు, పలచని మజ్జిగ, బొడ్డులో ఆముదం. బుద్ధిగా పడుకుని ఫ్యాను చూసేవాణ్ణి. నిజం చెప్పొద్దూ, హాయిగానే ఉండేది. నొప్పి మాత్రం దాని చోట అది ఉంది.

కొత్తగూడలో డాక్టరుకీ అదే అబద్ధం. ఆయన కడుపు స్కాన్ చేయించి, అంతా నార్మల్ అన్నాడు. ఇంట్లో పాయసం! నా గిన్నె అలాగే పక్కన పెట్టేశాను. ఆ సాయంత్రం బాల్కనీలో మా ఆవిడకి అసలు సంగతి చెప్పేశాను.

"ఓరి దేవుడా, ఏ కిడ్నీకో ఏమో అని నేను హడలి చస్తాంటి!" అంది. నవ్వింది, వెంటనే ఏడ్చింది.

మర్నాడు డాక్టరుకి తనే విడమరిచి చెప్పింది. "గింత సిగ్గయితే ఎట్లనయ్యా? కడుపు స్కాన్‌ల అదెట్ల కనపడ్తది?" అన్నాడాయన. రెండో స్కాన్‌లో తేలింది, అక్కడి రక్తనాళాలు ఉబ్బాయట. వీర్యపరీక్షలో కణాలూ తక్కువే. "తక్కువున్నయంతే, లేకుండ లేవు. ఫికర్ చెయ్యకు. ఆపరేషన్ కావాల్నో వద్దో చూద్దాం" అన్నాడు. ఆ 'తక్కువ' అన్న మాట ఒక్కటే నాతో ఇంటిదాకా వచ్చింది.

ఇంటికొచ్చేసరికి అత్తగారు ఆముదం గిన్నెతో సిద్ధంగా ఉన్నారు. మా ఆవిడ గిన్నె అందుకుని, "కడుపు కాదు మా" అంటూ చెవిలో మొత్తం చెప్పింది. నేల చీలితే దూరిపోదామనిపించింది నాకు.

అత్తగారు వేలికంటిన ఆముదం కొంగుకి తుడుచుకున్నారు.

"మీ మామ గూడా నాకు కడుపునొప్పనే చెప్పినాడు నాయనా. నేనూ ఎన్నాళ్లో బొడ్డుకు ఆముదం పూస్తి. పిల్లలు కష్టమని డాక్టర్లు ఆయనకు గూడా చెప్పిరి."

తర్వాత నవ్వుతూ గడ్డంతో మా ఆవిడ వైపు చూపించారు.

"మరి ఇది యాడ నుంచి వచ్చె?"

మా ఆవిడ తల వంచుకుంది. జడ భుజం మీదుగా ముందుకు జారింది. నేను దాన్నే చూస్తూ ఉండిపోయాను.