అంగుస్తానా కొలత

కుట్టుమిషను ముందు కూర్చుంటే ముక్తార్ ధైర్యవంతుడే. బోధన్ బజారులో అతనంత సూటిగా కత్తెర నడిపే దర్జీ లేడు. కానీ వాళ్ళ నాయన వదిలిపోయిన తమంచాను, ఆ పాతకాలపు చేతి తుపాకీని, పెట్టెలోంచి తీస్తే మాత్రం ఆ చేతులే గాలికి చెరుకాకుల్లా వణికేవి.

"మా అబ్బా చేతుల ఇది పులి లెక్కుంటుండె. నా చేతుల పిల్లి గూడ కాదు," అని తనే ముందు నవ్వేవాడు, మాకు ఆ అవకాశం ఇవ్వకుండా.

1963 చలికాలం. చక్కెర ఫ్యాక్టరీ పొగ కింద ఊరంతా తియ్యగా నిద్రపోతున్నట్టుండేది. ఊరి బయట అతని చెల్లెలు హుస్నాకు ఎకరం చెరుకు ఉంది. భర్త పోయాక ఆమెకు మిగిలిన ఆధారం అదే. చెరుకు నరకడానికి ఫ్యాక్టరీ నుంచి చీటీ ఇంకా రాలేదు. అడవి పందులు మాత్రం ఏ చీటీ కోసమూ ఆగలేదు. పొద్దూకగానే చేలో పడి, గడలు చీల్చి, తీపి పీల్చి, పిప్పి మిగిల్చి పోయేవి.

"ఇంట్ల లైసెన్సు తమంచా పెట్టుకొని పందులకు దావత్ ఇస్తున్నవ్ భాయ్," అంది హుస్నా.

ఆ మాట సూదిలా దిగింది. తమంచా మూతిలోంచి మందు పోసి, గుడ్డ కుక్కి, సీసపు గుండు దించి కాల్చాలని అందరికీ తెలుసు. మందు ఎంత పోయాలో చెప్పేవాళ్ళే లేరు. తక్కువైతే గుండు గొట్టంలోనే ఇరుక్కుంటుంది. ఎక్కువైతే గొట్టం పగిలి చెయ్యి పోతుంది. చెయ్యి పోయిన దర్జీ మెడలో టేపు ఒక నగ మాత్రమే.

అందుకని కొలత వెతుక్కుంటూ బయల్దేరాడు. స్నేహితుణ్ణి కాబట్టి తోడుగా నేనూ పోయాను.

నిజామాబాదులో మందు అమ్మే దేవిదాస్ పొట్లం కట్టిచ్చాడు గానీ, కొలత అడిగితే తల అడ్డంగా ఊపాడు. "మందు అమ్ముడు నా పని ముక్తార్‌భాయ్. తెగిన వేళ్ళు అతికిచ్చుడు కాదు."

భీమ్‌గల్‌లో ముసలి వేటగాడు భూమన్న తన తుపాకీకి ఎంత పోస్తాడో అరచేతిలో గీసి చూపించాడు.

"మరి నా తమంచాకు?" అన్నాడు ముక్తార్.

"గది నీ తమంచాను అడుగు తమ్మీ. నా చెప్పు నీ కాలుకు సరిపోతదా?"

ఇంత తిరిగాక నాకూ ఒక సలహా ఇవ్వాలనిపించింది. ఆకాశం వైపు చూసి, మనసుకు తోచినంత పొయ్యమన్నాను. ముక్తార్ నా అంగీ వైపు జాలిగా చూశాడు. "గది నా మనసుకు తోచినట్టు కుట్టిన అంగీనే. అందుకే సంకలు రెండు తీర్లున్నయి."

తీరా ఇంటికొచ్చి నాయన పెట్టె అడుగున చెయ్యి పెడితే ఒక ఇత్తడి అంగుస్తానా దొరికింది, కుట్టేటప్పుడు వేలికి తొడుక్కునేది. లోపలంతా నల్లగా ఉంది. వాసన చూస్తే తుపాకీ మందు. ముక్తార్ దాన్ని కళ్ళకద్దుకున్నాడు. "అబ్బా కొలత. ఇగ ఎవ్వన్నీ అడిగేది లేదు."

మరునాడు పొద్దు వాలుతుంటే చేను గట్టున కూర్చుని అంగుస్తానా నిండా మందు కొలిచి తమంచాలో పోశాడు, గుడ్డ కుక్కాడు. చెరుకు పూల మీద వెలుగు ఇంకా ఆరలేదు. జేబులోంచి గుండు తీసేసరికి హుస్నా చాయ్ పట్టుకొచ్చింది.

"గుండు ఎందుకు భాయ్?"

"పందికి బొట్టు పెట్టెతందుకు. అబ్బా కొలతతోనే పోసిన, సూడు."

హుస్నా అంగుస్తానా చూసి చాయ్ కింద పెట్టింది. "అబ్బా ఎన్నడు గుండు పెట్టిండు? షాదీల బారాత్ ముందల సప్పుడుకు కాల్చేటోడు. ఉత్త మందు, పేలికలు. గా పేలికలు నేనే చింపిస్తుంటి. నువ్వు అప్పుడు నిజామాబాదుల పని నేర్సుకుంటుంటివి. గుండు లేదు గనుకనే గంత మందు పోసేటోడు. దాని మీద గుండు దించితే గొట్టం ఉంటదా, నీ చెయ్యి ఉంటదా?"

"మరి ముందు చెప్పకపోతివి."

"నన్ను అడిగినవా? భీమ్‌గల్ దాక పోయినవ్. పక్క గల్లీల ఉన్న చెల్లె యాదికి రాలె."

ముక్తార్ గుండును మెల్లగా జేబులో వేసుకున్నాడు. "షేర్వాణీ కొలతతోని బనీను కుడుతుంటి," అన్నాడు. చాయ్ ఒక గుక్క తాగి, "పందికి షాదీ సప్పుడు సాలదా?" అన్నాడు.

చాలునేమో అనుకున్నాం. అయినా అతను తమంచాను చేతపట్టలేదు. గట్టు మీది మొద్దుకు కట్టి, మీటకు తాడు బిగించి, ఎడ్లబండి వెనక దాక్కున్నాడు. అతని వెనక నేను. పందులు చేలో గరగరలాడగానే కళ్ళు మూసుకుని తాడు లాగాడు. మెరుపు, పొగ, పెళ్ళివారు వచ్చినంత చప్పుడు. ఆ చీకట్లో పందుల గుంపంతా గట్టు దూకి పరుగెత్తింది.

తెల్లారి పక్క చేను బాలన్న వచ్చి ముక్తార్ దుకాణం ముందు నిలబడ్డాడు. "ఏం ముక్తార్, మీ పందులన్నిటిని నా చేన్లకు సాగనంపినవట?"

ముక్తార్ రెండు చేతులూ ముందుకు చాచి, వేళ్ళన్నీ ఆడించి చూసుకున్నాడు. తర్వాత సూదిలో దారం ఎక్కించాడు, ఒక్కసారికే.

"సాయంత్రం నీ చేన్ల గూడ కాలుస్త బాలన్నా. కాని గుండు మాట ఎత్తకు. మాది షికారు ఖాందాన్ కాదు, షాదీల ఖాందాన్."