చిన్నమ్మ కరపత్రంలో గుర్రం

నాకు అన్నీ తెలిసిన కాలం ఒకటుండేది. అప్పుడు నా వయసు పంతొమ్మిది. (ముప్పై దాటాక చాలావరకు మరిచిపోయాను.) సూరత్‌లో, పర్వత్ పాటియా దగ్గర మా మగ్గాల గల్లీలో, ఇంట్లో పిల్లలందరిలో తెలుగు రాయడం వచ్చింది నాకొక్కదానికే. దాంతో నా అంతటి మేధావి ఇంకొకరు లేరని నేనే నిర్ణయించుకున్నాను. సరిగ్గా అప్పుడే మా చిన్నాయన భార్య, మా చిన్నమ్మ, కార్పొరేషన్ ఎన్నికల్లో నిలబడింది. మా గల్లీల నుంచి ఒక తెలుగు ఆడమనిషి నిలబడటం అదే మొదటిసారి. ఆమె ఇచ్చిన మాట ఒక్కటే. మగ్గాల షెడ్లలో పనిచేసే ఆడవాళ్లకు గల్లీలో బాత్రూం కట్టిస్తానంది. గెలవకపోతే ఇంకో ఐదేళ్లు వాళ్లు పొద్దంతా నీళ్లు తాగకుండా పనిచేయాల్సిందే.

కరపత్రం రాసే పని నాకు పడింది. బాత్రూం గురించి ఎంత రాసినా అందులో గాంభీర్యం రాలేదు. అప్పుడు నాకు చిన్నమ్మ ట్రంకుపెట్టె అడుగున ఉన్న ఫోటో గుర్తొచ్చింది. తలపాగా చుట్టుకుని గుర్రమెక్కిన వాళ్ల తాత ఫోటో. చిన్నమ్మ తెలంగాణలో కోటలాంటి గడీ కట్టుకుని ఊరినేలిన దొరల బిడ్డ. మగ్గం నేసే సాలోళ్ల పిల్లగాడైన మా చిన్నాయనను పెళ్లి చేసుకున్నందుకు పుట్టింటివాళ్లు ఆమెతో మాటలు మానేశారు. ఆమె కూడా ఆ సంగతి గల్లీలో ఎవరికీ చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో అడగాలన్న ఆలోచన మేధావికి రాలేదు. దొరల బిడ్డ అని తెలిస్తే జనం ఎగబడి ఓట్లేస్తారనుకుని, పైన గుర్రం బొమ్మ వేయించి, కింద 'గడీ వంశపు ఆడపడుచు, రాజసం ఉట్టిపడే నాయకురాలు' అని లావు అక్షరాల్లో రాశాను. ప్రెస్సు గుజరాతీ భాయికి తెలుగు ఒక్క ముక్క రాదు గానీ, 'ఘోడా బఢియా హై' అని గుర్రాన్ని మెచ్చుకున్నాడు. చిన్నమ్మకు చూపించకుండానే గల్లీ అంతా పంచేశాను.

మర్నాడు మధ్యాహ్నం చిన్నమ్మా నేనూ ప్రచారానికి వెళ్తే గల్లీ మొదట్లో కండెలవ్వ నిలబడి ఉంది. షెడ్డులో నూలు కండెలు చుట్టే ముసలామె. రోజూ 'ఏం బిడ్డా' అని చిన్నమ్మను పలకరించే మనిషి, ఆ రోజు చెప్పులు విప్పి చంకలో పెట్టుకుని వంగి నిలబడింది. వెనకున్న ఆడవాళ్లూ అలాగే చేశారు.

"బాంచన్ దొరసానీ, ఓట్లు గంపల పెట్టి తేవాల్నా, ఒళ్లె కట్టుకొని తేవాల్నా?" అంది అవ్వ.

చిన్నమ్మకు ఏమీ అర్థం కాలేదు. అవ్వ కరపత్రం చేతికిచ్చింది. "మా తాత మీ అసొంటోళ్ల గడీ ముంగట గిట్లనే చెప్పులు చంకల పెట్టుకొని నడిచిండు. ఆ దొరల బాధ పడలేకనే సూరత్ వచ్చినం. నువ్వు గీడికి గూడ వచ్చినవా?"

చిన్నమ్మ చదివి నావైపు చూసింది. నేను కరెంటు తీగల మీది పావురాలను శ్రద్ధగా పరిశీలించాను.

"నాకెరుకే అవ్వా," అంది చిన్నమ్మ మెల్లగా. "నేను గా గడీలకెల్లి ఒట్టి కాళ్లతోనే బయటికి ఎల్లిన." అని తన చెప్పులు విప్పి చంకలో పెట్టుకుంది. నాతో "రాసినదానివి, నువ్వు గూడ ఇప్పు" అంది. నావి కొత్త ఎత్తు మడమల చెప్పులు. ఎండకు సిమెంటు రోడ్డు పెనంలా కాలుతోంది. గల్లీ ఈ చివర నుంచి ఆ చివర వరకు చిన్నమ్మ ప్రతి గుమ్మం దగ్గరా నిలబడి బాత్రూం గురించి చెప్పింది. నేను వెనకాల ఒక కాలు మార్చి ఒక కాలు ఎత్తుతూ, కళ్లనీళ్లు పెట్టుకుంటూ నడిచాను. ఆమె పాదాలకు బొబ్బలు లేచినా ఆగలేదు. చివరికి కండెలవ్వే వెంట వచ్చి, "ఇగ సాలు, తొడుక్కో బిడ్డా. కాళ్లు కాలితే కార్పొరేషన్‌కు ఎట్ల పోతవు?" అంది. దొరసాని మళ్లీ బిడ్డ అయింది. నాకు కూర్చుని ఏడవాలనిపించింది.

కొద్ది ఓట్ల తేడాతోనే గానీ చిన్నమ్మ గెలిచింది. బాత్రూం కూడా కట్టించింది. అయితే నా కరపత్రం ఫోన్లలో పడి ఎక్కడెక్కడో తిరిగి ఆ గడీకి కూడా చేరింది. ఒకరోజు చిన్నమ్మకు వాళ్లన్న ఫోన్ చేశాడు. పెళ్లి తర్వాత అదే మొదటిసారి.

"తాత ఫోటో మా దగ్గర గూడ లేదు. ఒకటి పంపుతవా?" అన్నాడట.

"కావాలంటే వచ్చి తీస్కపో అన్నా," అంది చిన్నమ్మ.

వచ్చాడు. గుమ్మంలో కాసేపు తటపటాయించి, వంగి బూట్లు విప్పి లోపలికి నడిచాడు. లోపల అన్నాచెల్లెళ్లు ఏం మాట్లాడుకున్నారో నేను వినలేదు. బయట ఎటో పడి ఉన్న ఆ బూట్లను తీసి, చిన్నాయన రబ్బరు చెప్పుల పక్కన సర్ది పెట్టాను. ఆ ఎన్నికల్లో నేను తప్పు లేకుండా చేసిన పని అదొక్కటే.