కుర్చీ అక్కర్లేని కోచ్

హుకుంపేటలో మా బడి ఫుట్‌బాల్ జట్టుకు మా బావ గోల్స్ కొట్టేవాడు, నేను గోల్‌కీపర్ని. బంతి కంటే నేనే ఎక్కువ దొర్లేవాణ్ణి. తరవాత అతను పొట్ట చేత పట్టుకుని ఎన్నో దేశాల చిన్న క్లబ్బుల్లో ఆడాడు. ఏ క్లబ్బూ అతన్ని ఎక్కువకాలం ఉంచుకోలేదు, అతనూ ఆటను వదల్లేదు. ఇప్పుడు జాతీయ జట్టుకు కోచ్.

అతనికో అలవాటు. మ్యాచ్ జరుగుతున్నంతసేపూ మైదానం గీత పక్కన గొంతుక్కూర్చుంటాడు, మా కొండల్లో చోళ్ల చేలో కలుపు తీసేవాళ్లలా. పైవాళ్లకది నచ్చలేదు. టీవీలో దేశం పరువు పోతోందట. ఈసారి కుర్చీలో కూర్చోకపోతే ఉద్యోగం ఉండదన్నారు. లోకమంతా కుర్చీ కోసం కొట్టుకుంటుంటే ఇతనికి కుర్చీతోనే కొట్లాట!

మ్యాచ్‌కి ముందు ఊరొచ్చినప్పుడు బతిమాలాను. "ఒక్కపూట కూకో బావా. నీ సొమ్మేటి పోయింది?"

"నువ్వు కూకో. గోల్లో కూడా కూకునే ఉండేవోడివి," అన్నాడు. "పైనుంచి సూత్తే మొకాలే కనబడతాయి. నాకు కాళ్లు కనబడాల. మాయమ్మ ఇలాగే కూకుని, కలుపు తీసి నన్ను సాకింది. అది పరువు తక్కువైతే ఆ ఉద్యోగం ఆళ్లనే సేసుకోమను."

ఆ మ్యాచ్ అరకు టీకొట్టులో చూశాం. కోటు వేసుకొచ్చి కుర్చీ దగ్గర ఆగాడు. అమ్మయ్య అనుకున్నాను. అతను కోటు విప్పి కుర్చీకి తొడిగాడు. గీత దగ్గరికెళ్లి గొంతుక్కూర్చున్నాడు.

కొట్టువాడు ఈల వేశాడు. "కుర్చీలో కోటు కూకుంది కదేటి! ఇంకేటి కావాలంట ఆళ్లకి?"