మారుమూల ఎంత దూరం

మా పుట్టిల్లు చాట్రాయి దగ్గర ఒక పల్లె. నూజివీడులో మామిడికాయల వ్యాపారం చేసే ఇంటికి కోడలిగా వచ్చాక ఆ పల్లెకు కొత్త పేరు విన్నాను: మారుమూల. మావయ్యగారు నాలుగు పుస్తకాలు చదివిన మనిషి. ఆ మాట ఎలా పుట్టిందో కూడా ఆయనే చెప్పారు. మారు అంటే మరొకటి, మూల అంటే తెలిసిందే. ఒక మూలకు అవతల ఇంకో మూల అన్నమాట. ఎక్కడ నిలబడి చూస్తే అది మూల అవుతుందో మాత్రం చెప్పలేదు. చెప్పనక్కర్లేదు కూడా, మా ఇంటి అరుగు మీద నిలబడి చూడాలి.

వింత ఏమిటంటే, ఆ మారుమూలకి మావయ్యగారు పూత రోజుల్లోనే వెళ్ళి, ఇంకా పిందె కూడా పడని తోటలు బేరమాడి వచ్చేవారు. కోతలు మొదలయ్యాక మా బండ్లు రోజూ అటే పోయేవి. మామిడికాయకి లేని దూరం కోడలికే ఉండేది. పెళ్ళయిన రెండేళ్ళలో నేను పుట్టింటికి వెళ్ళింది ఒక్క ఆషాఢానికే.

స్వాతంత్ర్యం వచ్చిన మరుసటి వేసవిలో, మా అమ్మకు పదిరోజులుగా జ్వరం తగ్గడం లేదని బండివాడు కబురు తెచ్చాడు. వెళ్ళొస్తానని అడిగాను.

"ఆ మారుమూలకి నిన్నెవరు దింపుతారమ్మా?" అన్నారు అత్తయ్యగారు.

కబురు తెచ్చిన బండి ఇంకా వాకిట్లోనే ఉంది. నాకు ఒళ్ళు మండిపోయింది. అమ్మను ఇక చూడనేమోనని భయం కూడా వేసింది.

మర్నాడు పొద్దున్నే బెజవాడ నుంచి కాయలు కొనే షావుకారు ఒకాయన వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. అంత దూరం బండ్ల మీద వస్తే కాయ నలిగిపోదా అని ఆయన సందేహం.

మావయ్యగారు నవ్వి, "చాట్రాయి ఎంతండీ, పక్కనేగా. ఇలా వెళ్ళి అలా రావచ్చు" అన్నారు.

తలుపు వెనకున్న నాకు ఆ మాట చాలు. చీరల మూట చంకన పెట్టుకుని, కాయల కోసం ఖాళీగా బయల్దేరుతున్న బండెక్కి గడ్డి మీద కూర్చున్నాను.

"ఇలా వెళ్ళి అలా వస్తాను మావయ్యగారూ" అన్నాను.

షావుకారు ముందు ఆయన ఏమనగలరు? జాగ్రత్తగా వెళ్ళి రమ్మన్నారు, పాపం.

ఆ పక్క ఊరు చేరేసరికి పొద్దు వాలింది. అమ్మ సగమైపోయింది. నన్ను చూసి లేవబోయి, లేవలేక, నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ఆ మారుమూల నుంచి నిన్నెట్టా రానిచ్చారే తల్లీ?" అంది.