ఖాళీ ఇంటికి చెప్పిన సలాం

దయ్యాల మాట మా ఇంట్లో ఎవరూ ఎత్తరు. జిన్నుల సంగతి ఖురాన్‌లో ఉంది కాబట్టి దాన్ని కాదనను. కానీ పోయినవాళ్ళు తిరిగి రావడం, తలుపులు కొట్టడం లాంటివి నేను ఏనాడూ నమ్మలేదు, ఇప్పుడూ నమ్మను. నేను చెప్పబోయే దాంట్లో చనిపోయినవాళ్ళెవరూ లేరు కూడా. ఉన్నది నేనూ, మా ఆయనా, చక్రాల మీద లాక్కెళ్ళే ఒక అల్యూమినియం ఇల్లు.

నేను బడికి పోయి చదువుకున్నదాన్ని కాదు. చీరాల పక్కన మా ఊళ్ళో మా అమ్మే ఇంట్లో కూర్చోబెట్టి తెలుగు అక్షరాలు దిద్దించింది, నమాజు నేర్పింది. ఏ ఇంట్లోకైనా సలాం చెప్పి అడుగు పెట్టాలని కూడా ఆమే నేర్పింది. లోపల మనుషులున్నా లేకున్నా చెప్పాలి. ఖాళీ ఇంటికి చెప్పే సలాం వేరే ఉందని పెద్దయ్యాక విన్నాను గానీ, చిన్నప్పటి మాటే నోటికి అలవాటైపోయింది.

ఇప్పుడు మేముండే సిడ్నీ టూంగాబీలో మా ఇంటి తాళం నేనే తీసినా సరే, "అస్సలాము అలైకుం" అనే లోపలికి వెళతాను. మా ఆయన మస్తాన్ నవ్వుతారు. "గోడలకి సలాం కొట్టే మనిషి సిడ్నీ మొత్తానికి నువ్వొక్కదానివే" అంటారు.

రెండేళ్ళ కిందట ఆయనకి వెస్ట్‌మీడ్ ఆసుపత్రిలో గుండె ఆపరేషన్ అయింది. అల్లాహ్ దయ, డాక్టర్ల చేతి చలవ, మనిషి దక్కారు. కానీ ఇంటికొచ్చాక మాట పడిపోయినట్టే అయిపోయారు. అన్నం పెడితే తినేవారు, టీ ఇస్తే తాగేవారు. ఏమన్నా అడిగితే "ఊ" అనేవారు. అంతే.

ఆయన్ని మళ్ళీ మాటల్లో పెట్టింది చేపలు. కెల్లీవిల్‌లో ప్రవీణ్ అని ఐటీలో పనిచేసే కరీంనగర్ అబ్బాయి ఉన్నాడు. మా ఆయన్ని సొంత అన్నలా చూసుకుంటాడు. ఒక శనివారం బలవంతంగా ఈయన్ని కారెక్కించుకుని గాలం వేయడానికి తీసుకెళ్ళాడు. సాయంత్రం ఆయన రెండు చేపలతో తిరిగొచ్చి, పెరట్లో వాటిని శుభ్రం చేస్తూ ఆగకుండా మాట్లాడారు. నేను అటు తిరిగి కొంగుతో కళ్ళు తుడుచుకున్నాను. ఆ రోజు అల్లాహ్‌కి చేసిన షుక్రియా అంతా ఇంతా కాదు.

ఇక అదే లోకమైంది. ట్రౌట్ చేపకి చలికాలమే మంచి కాలమట. కూమా దాటి, స్నోయీ కొండల్లో ఉన్న సరస్సు దగ్గర రెండు మూడు రోజులు ఉండాలన్నారు. టెంటులో పడుకుంటే కుదరదు. ఆపరేషన్ చేసిన చోట చలిగాలి తగిలితే ఆయనకి ఊపిరి పట్టేస్తుంది. అందుకని కారు వెనక తగిలించి లాక్కెళ్ళే, గట్టి గోడలున్న ఇల్లే కావాలన్నారు.

నా భయం వేరు. అంత దూరంలో, ఒక్కరే ఉన్నప్పుడు, పడుకున్న మనిషి లేవకపోతే? ప్రతి నమాజులోనూ ఒకటే అడిగేదాన్ని. యా అల్లాహ్, ఎప్పటికైనా నీ దగ్గరికి రావాల్సినవాళ్ళమే, ఆయన్ని మాత్రం ఒంటరిగా ఉన్నప్పుడు పిలవకు అని. ఆయనతో మాత్రం, "ఇల్లు నేను చూసి సరే అంటేనే కొనాలి" అన్నాను. ఒప్పుకున్నారు.

పెన్రిత్ దాటాక ఒక యార్డులో అలాంటివి మూడు అమ్మకానికి ఉన్నాయంటే ముగ్గురం వెళ్ళాం. అవి అసలు ఈ దేశం కోసం చేసినవి కావు. సరస్సులు రాయిలా గడ్డకట్టే చలిదేశాల్లో ఆ ఇంటిని మంచు మీదికి లాక్కెళ్ళి, చక్రాలు పైకెత్తి, అడుగుని మంచుకి ఆనించి, నేలలో ఉన్న గుండ్రటి కంతల్లోంచి గాలం వేస్తారట. ఇక్కడ అంత మంచెక్కడిది? మేము ఒడ్డునే పెట్టుకోవాలి.

కంతల మీద మూతలు ఎత్తి చూసి ప్రవీణ్ ఒకటే నవ్వు. "అన్నా, గీ కంతలకెల్లి గాలమేస్తే మనకు వానపాములే పడ్తయ్."

"పడనీలే, వాటినే ఎరగా వాడుకుందాం" అన్నారు మా ఆయన.

మొదటి ఇంటికి రేకులు రివెట్లతో బిగించారు. కిటికీల కింద చెమ్మ కారిన చారలున్నాయి. సలాం చెప్పి లోపలికెళ్ళాను, పెనంలా కాలిపోతోంది. వేసవి చివరైనా ఆ రోజు ఎండ అలా ఉంది. రెండోది చూడటానికి అందంగా ఉంది, లోపలంతా చెక్క పని. కానీ అడుగు వేస్తే నేల కిందికి దిగుతోంది. అక్కడా సలాం చెప్పాను. వెనక నుంచి ప్రవీణ్, "వదినా, సలాం సరే, ఇల్లు గలాయనెవరో అడుగు, బేరం మనమే చేసుకుందాం" అన్నాడు.

మూడోది సాదాగా ఉంది. యార్డు ఆయన మాత్రం దాని గురించే ఎక్కువ చెప్పాడు. చట్రమంతా అల్యూమినియం గొట్టాలతో చేసి ప్రతి మూలా వెల్డింగు చేశారు, గోడల్లోనూ నేల కిందా చలి చొరకుండా ఫోమ్ దట్టంగా నింపారు, తలుపు వేస్తే డబ్బా మూత పడ్డట్టు పడుతుంది. "ఇంత బిగువుగా ఉంది కాబట్టే హీటర్ వేసినప్పుడు పైకప్పులో గాలి కంత మాత్రం మూయకండి" అని రెండుసార్లు చెప్పాడు. తర్వాత ఆయనా, మా ఆయనా ఇరుసు చూడటానికి అవతలి వైపుకి వెళ్ళి కిందికి వంగారు. నేనొక్కదాన్నే మెట్టెక్కి తలుపు తీశాను.

"అస్సలాము అలైకుం" అన్నాను.

"వాలైకుం సలాం. ఆగు, వస్తన్నా."

మా ఆయన గొంతు. నిద్రలోంచి లేచినట్టు, కాస్త బొంగురుగా ఉంది. దాని వెనకే గోడకి బిగించే మడత మంచం కిర్రుమంది.

"మీరెప్పుడొచ్చారు లోపలికి?" అన్నాను.

బదులు లేదు. ఎండలోంచి వచ్చాను కాబట్టి కళ్ళు కుదురుకోవడానికి ఒక క్షణం పట్టింది. లోపల ఎవరూ లేరు. అది ఒకే గది, దాక్కోవడానికి చోటు లేదు. మంచం గోడకి మడిచి, గొళ్ళెం పెట్టి ఉంది. లోపల చల్లగా ఉంది. ఆ ఎండలో, ఆ రేకు ఇంట్లో, నా చేతుల మీద వెంట్రుకలు లేచి నిలబడేంత చల్లగా.

భయం వేయలేదు. ఎందుకు వేయలేదో చెప్పలేను. బయటికొచ్చి ప్రవీణ్‌ని అడిగాను, ఆయన ఇటు వచ్చారా అని.

"లేదు వదినా. అన్న అప్పటిసంది ఆ టైరు కాడనే ఉన్నడు, సూడు."

నిజమే. అవతలి వైపు మోకాళ్ళ మీద కూర్చుని ఆ యార్డు ఆయనతో ఏదో మాట్లాడుతున్నారు. నేను విన్నది ఎవరికీ చెప్పలేదు. గుండె కుట్లు ఆరిన మనిషికి ఇలాంటివి చెప్పి ఏం చేస్తాను? "ఇది తీసుకుందాం" అన్నాను. "ఎందుకు?" అన్నారు మా ఆయన. "చల్లగా ఉంది" అన్నాను. యార్డు ఆయన తన గోడల్ని మెచ్చుకున్నానని మురిసిపోయాడు.

ఆ తర్వాత ఇల్లు మా పెరట్లోకి వచ్చింది. దుప్పట్లు పెట్టేటప్పుడు, ఊడ్చేటప్పుడు ఎన్నోసార్లు దాంట్లోకి వెళ్ళాను. ప్రతిసారీ సలాం చెప్పాను. ఒక్కసారీ బదులు రాలేదు. ఎండకి లోపల అన్ని ఇళ్ళలాగే వేడెక్కేది కూడా. నేనే ఏదో భ్రమపడ్డానని సర్దిచెప్పుకున్నాను.

ఇక్కడ చలికాలం ముదిరే జులైలో ఆయనా ప్రవీణూ సరస్సుకి వెళ్ళారు. గ్యాస్ హీటర్ నుంచి వచ్చే విషవాయువు లోపల చేరితే మోగే అలారం ఒకటి మా అమ్మాయి కొనిచ్చింది. అది ఇంకా అట్టపెట్టెలోనే, సొరుగులో ఉంది. "వచ్చే వారం బిగిస్తాలే" అన్నారాయన.

శనివారం మధ్యాహ్నం ప్రవీణ్ రొట్టె, పాలు తేవడానికి ఊళ్ళోకి వెళ్ళాడు. బయట మంచుతో కలిసిన వాన. ఈయన జొహర్ నమాజు చేసుకుని, గ్యాస్ హీటర్ వేసి, పైకప్పు కంతలోంచి చలిగాలి సరిగ్గా రొమ్ము మీద పడుతోందని దాంట్లో తువ్వాలు కుక్కి పడుకున్నారు. అంత బిగువైన ఇల్లు. నేను చూసి ఎంచిన ఇల్లు.

ఆ సమయంలో నాకు ఏదో అనిపించిందని, గుండె దడదడలాడిందని చెబితే బాగుంటుందేమో. అలాంటిదేమీ లేదు. నేను టూంగాబీలో గోంగూర ఆకు వలుచుకుంటున్నాను. మా అమ్మాయి పక్కనే కూర్చుని ఫోన్ చూసుకుంటోంది.

సాయంత్రం ప్రవీణ్ ఫోన్ చేశాడు. "వదినా, పరేషాన్ గాకు. అన్న మంచిగనే ఉన్నడు, దవాఖానల ఆక్సిజన్ పెట్టిన్రు. గని ఒక్కటి చెప్పు, నువ్వు ఈడికి వచ్చినవా?"

"నేనెట్టా వస్తాను ప్రవీణ్? ఇంట్లోనే ఉన్నా."

అప్పుడు జరిగింది చెప్పాడు. తను తిరిగొచ్చేసరికి ఇంటి తలుపు బార్లా తెరిచి ఉందట. ఈయన చెప్పులు కూడా లేకుండా బయట బురదలో మోకాళ్ళ మీద కూర్చుని, వానలో అటూ ఇటూ చూస్తూ, "మీ వదినేది? ఇప్పుడే ఇక్కడుంది, ఏదీ?" అంటున్నారట.

నేనూ మా అమ్మాయీ ఆ ఆసుపత్రికి చేరేసరికి తెల్లవారింది. అలా ఇంకొంచెం సేపు లోపలే ఉండి ఉంటే లేచేవారు కాదని డాక్టరమ్మ చెప్పింది. ఆ విషవాయువు తలకెక్కితే లేనివి వినిపిస్తాయని కూడా చెప్పింది. అవుననే అనుకున్నాను. ఆయన చెయ్యి పట్టుకుని పక్కన కూర్చున్నాను.

"లేవబుద్ధి కాలేదు" అన్నారాయన మెల్లగా. "కాళ్ళు సీసం పోసినట్టున్నాయి. హాయిగా కూడా ఉంది, నిజం చెప్పాలంటే. అప్పుడు తలుపు దగ్గర నువ్వు సలాం చెప్పావు, రోజూ చెప్పినట్టే."

"మీరేమన్నారు?"

"ఏమంటాను? వాలైకుం సలాం, ఆగు, వస్తన్నా అన్నా. నిన్ను ఆ చలిలో నిలబెట్టి పడుకుంటానా? మంచం దిగడానికే ప్రాణం పోయినంత పనైంది."

అడగాలా వద్దా అనుకుంటూనే అడిగాను.

"నేను ఇంకేమన్నా అన్నానా?"

ఆయన కాస్త ఆలోచించి, నవ్వారు. "అన్నావుగా. మీరెప్పుడొచ్చారు లోపలికి, అన్నావు. రెండు రోజుల నుంచీ ఉంటే ఇదేం ప్రశ్న అనుకున్నా. సరే, బయటికొచ్చి చెబుదామని తలుపు తీశా."

యార్డులో ఆ మాట నేను అన్నప్పుడు ఆయన అవతలి వైపు టైరు దగ్గర ఉన్నారు. ప్రవీణ్ బయట ఉన్నాడు. ఎవరూ వినలేదు. నేను ఎవరికీ చెప్పలేదు, ఆయనకైతే అసలే చెప్పలేదు. ఆ ఆసుపత్రిలోనే మొదటిసారి చెప్పాను. ఆయన అంతా మళ్ళీ ఒకసారి చెప్పించుకున్నారు.

తర్వాత ఎన్నో రకాలుగా ఆలోచించాం. యార్డులో తన మాటే రేకుల్లోంచి లోపలికి వినిపించి ఉంటుందని ఆయన అన్నారు. కానీ ఆయన అప్పుడు మాట్లాడింది ఇంగ్లీషు, ఇరుసు గురించి. మా మసీదు పెద్దాయన్ని అడిగితే, "తెలియనిది తెలియదని చెప్పడం మంచిదమ్మా. షుక్రియా చేసుకో" అన్నారు. అదే చేస్తున్నాను.

ఆ ఇల్లు అమ్మలేదు. అలారం బిగించాం. కంత మూతపడకుండా ప్రవీణ్ దానికి జాలీ వేశాడు. ఇప్పుడు మా ఆయన ఏ ఖాళీ ఇంట్లోకి వెళ్ళినా నాకంటే ముందే సలాం చెబుతున్నారు, నా సలాంకి నవ్వడం మానేశారు.

నేను ఇప్పటికీ దాంట్లోకి వెళ్ళేటప్పుడు సలాం చెప్పి, గడప మీద ఒక్క క్షణం ఆగుతాను. ఏమీ వినిపించదు. అల్‌హందులిల్లాహ్ అనుకుని లోపల అడుగు పెడతాను.