మేకుకు వేలాడే గుడ్డ

పిల్లాణ్ణి ఎత్తుకునే ముందు ప్రణతి వేళ్లు ముక్కు దగ్గర పెట్టుకునేది. కుడిచెయ్యి, ఎడమచెయ్యి, మళ్లీ కుడిచెయ్యి. థిన్నర్ వాసన గుప్పుమంటే రంగు పోయినట్టే. అప్పుడే ఎత్తుకునేది.

దిల్‌సుఖ్‌నగర్ వెనక సందులో స్క్రీన్ ప్రింటింగ్ దుకాణం. రంగు పట్టిన ఫ్రేములను థిన్నర్‌తో కడగడం ఆమె పని. అది సకల జనుల సమ్మె నడుస్తున్న కాలం. భర్త జనార్ధన్ బస్సు కండక్టరు, సమ్మెలో ఉన్నాడు. ఇల్లు ఆమె జీతం మీదే నడుస్తోంది.

యజమాని శ్రీరామమూర్తిది భీమవరం. బ్యానర్ల మీద "జై తెలంగాణ" అచ్చువేస్తూ, "మా ఊళ్లో తెలిస్తే నన్ను గుమ్మం ఎక్కనివ్వరమ్మాయ్" అని నవ్వేవాడు. బందుకు పిలుపునిచ్చినవాళ్లవే ఆ బ్యానర్లు. బందు కాబట్టి షట్టరు దించి లోపలే పని. గాలి ఆడేది కాదు. సాయంత్రం పంపు పక్క మేకుకు వేలాడే థిన్నర్ గుడ్డతో అందరూ చేతులు తుడుచుకునేవారు. ప్రణతి మోచేతుల దాకా తుడుచుకునేది. బిడ్డకు రంగు అంటకూడదు.

నాలుగు నెలల పిల్లాడు మూడు రోజులుగా రొమ్ము ముట్టలేదు.

"నిన్ను జూస్తెనే మూతి తిప్పుకుంటుండు," అంది అత్త సోమమ్మ. "నీ పాలు ఖరాబైనయే. రేపటిసంది డబ్బా పాలు పట్టుదాం."

"ఒక్క రోజాగు అత్తమ్మా. దవాఖానకు పోయొస్తా."

దవాఖానలో నర్సు ఇందిరాదేవి పిల్లాణ్ణి డాక్టరుకు చూపించింది. జబ్బేమీ లేదన్నాడు డాక్టరు. అప్పుడు నర్సు ప్రణతినే అడిగింది: "పాలిచ్చే ముందు ఏం జేస్తున్నవ్?"

"చేతులు మంచిగ తుడుచుకుంటా మేడం. థిన్నర్ తోని," అంది ప్రణతి, కొంచెం గర్వంగానే.

నర్సు కలం కింద పెట్టింది. "ఓ పిచ్చిపిల్లా! అది తోలుల నుంచి లోపటికి పోతది. ఊపిరిల పోతది. కొంత పాలలకు గూడ ఒస్తది. గా వాసనకే వాడు మూతి తిప్పుతుండేమో. పాలు బంద్ పెట్టకు, థిన్నర్ బంద్ పెట్టు. రంగుకు కొబ్బరినూనె రుద్ది సబ్బుతోని కడుగు. చీర మార్చినంకనే పిల్లగాన్ని ఎత్తుకో. నీ సేటుకు చెప్పి పని మార్పించుకో."

ప్రణతి అటునుంచి అటే దుకాణానికి వెళ్లింది.

"ఎల్లుండికి ఎల్బీనగర్ చౌరస్తాకి రెండొందల బ్యానర్లు పంపాలి. ఇప్పుడా అడిగేది?" అన్నాడు శ్రీరామమూర్తి.

"ఎల్లుండిదాంక నా పాలు ఆగయి సార్. మా ఆయనొక్కడే అనుకున్న, ఇప్పుడు కొడుకు గూడ సమ్మెల కూసున్నడు."

ఆయన నవ్వబోయాడు. దగ్గు వచ్చింది. షట్టరు దించినప్పటి నుంచీ దగ్గుతూనే ఉన్నాడు. దగ్గు తగ్గాక దించి ఉన్న షట్టరు వైపు చూశాడు.

"డాబా ఖాళీయే కదా," అన్నాడు చివరికి. "ఫ్రేములు పైన నేను కడుగుతాలే. నువ్వు మా ఇంటి వరండాలో కూర్చుని గుడ్డ కత్తిరించు."

ఇంటికి వచ్చి ప్రణతి నూనె రుద్దింది, సబ్బుతో కడిగింది, చీర మార్చింది. చేతులు వాసన చూసుకుంది. సబ్బు వాసన. పిల్లాడు ముందు మొహం తిప్పుకున్నాడు. రెండోసారీ తిప్పుకున్నాడు. మూడోసారి పట్టాడు. సోమమ్మ దీపం కాస్త దగ్గరికి జరిపింది.

మర్నాడు పొద్దున ప్రణతి దుకాణానికి అందరికంటే ముందు వచ్చింది. ప్లాస్టిక్ సంచీ చేతికి తొడుక్కుని, మేకు మీది గుడ్డను తీసి మూత ఉన్న డబ్బాలో పడేసింది. ఆ మేకుకు నూనె సీసా, సబ్బు ఉన్న చిన్న సంచి తగిలించింది.