తవ్వనివ్వని పునాది

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. నలభై ఏళ్ళుగా నా గుండెల మీద ఒక బరువు ఉంది. అబద్ధం చెప్పడం ఒక్కటే అయితే ఇంత బరువు ఉండేది కాదేమో. నా అబద్ధం ఎక్కడ గెలుస్తుందో ముందే చూసుకుని, తగువును నేనే అక్కడికి నడిపించాను.

ఎనభైల్లో నేను పర్చూరు చుట్టుపక్కల ఇళ్ళు, గోడౌన్లు కట్టించే చిన్న కాంట్రాక్టరుని. రాఘవయ్యగారనే మిరప రైతు కాయ నిలవ చేసుకోవడానికి గోడౌను కట్టమన్నారు. నల్లరేగడి నేల. వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలిచ్చి ముడుచుకుపోతుంది. ఆ నలుపంతా తవ్వి, కింద గట్టినేల తగిలేదాకా దిగితే తప్ప పునాది నిలవదు. అక్కడ అయిదడుగులు దిగాలి. నేను మూడడుగుల దగ్గర ఆపించాను. మబ్బు పట్టి ఉంది. గుంటల్లో నీళ్ళు చేరితే పని ఆగిపోతుంది, తొలికోత నాటికి కప్పు వేస్తానని మాటిచ్చాను. ఇవి కారణాలేనా? అప్పట్లో అవుననుకున్నాను. కాంక్రీటు పోయించాక దావీదు మేస్త్రిని పిలిచి గోడలు మొదలుపెట్టమన్నాను. గట్టినేల తగిలిందా అని అడిగాడు. తగిలిందన్నాను.

దావీదు నాకంటే ఇరవై ఏళ్ళు పెద్ద. ఊరి చివర చర్చి పక్కన ఇల్లు. ఎప్పుడూ ఒట్టు పెట్టేవాడు కాదు. ఒకసారి ఎవరిదో తాపీ పోతే కూలీలు అందరి చేతా ఒట్లు వేయించారు. అతను మాత్రం "నేను తియ్యలేదు" అని ఒక్కసారి చెప్పి ఊరుకున్నాడు. ఎంత ఎగతాళి చేసినా రెండో మాట లేదు. తన మాటకు దేవుణ్ణి సాక్ష్యం పిలవకూడదని వాళ్ళ నాన్న నేర్పాడట. అది నేను చూశాను. గుర్తు పెట్టుకున్నాను.

మరుసటి వేసవికి పడమటి గోడ పైనుంచి కిందకు చీలింది. పిడికిలి పట్టేంత చీలిక. మేస్త్రి సిమెంటు సరిగా కలపలేదన్నాను నేను. లోపం పునాదిలో ఉందన్నాడు అతను. మా మధ్య కాగితం మీద రాసుకున్నదేమీ లేదు. రాఘవయ్యగారు పెద్దమనుషుల్ని కూర్చోబెట్టి, ఎలా తేల్చుకుంటారో మీరే చెప్పండన్నారు.

"తవ్వి చూడండయ్యా," అన్నాడు దావీదు. "ఓవర్సీరు గార్ని పిలవండి. పునాదే చెప్పుద్ది."

నేను వెంటనే అడ్డుపడ్డాను. "పగిలిన గోడ పక్కన గుంట తీస్తే అది నిలబడుద్దా? కాయంతా లోపలే ఉంది," అన్నాను. రాఘవయ్యగారి ముఖం మారింది. నేను ఆగలేదు. "కోర్టుకెళ్తే ఏళ్ళు పడుద్ది. ప్రమాణం పెట్టండి. నేను చేతిలో కర్పూరం వెలిగించుకుని చెబుతా. ఆయన్ని బైబిలు ముట్టుకుని చెప్పమనండి."

అందరికీ నచ్చింది. గోడ కదపకుండా ఒక్క పూటలో తేలిపోయే దారి.

నా అరచేతిలో కర్పూరం మండింది. గట్టినేల దాకా దిగానన్నాను. చెయ్యి చురుక్కుమంది, అంతే.

తర్వాత అతని వంతు వచ్చింది. "ఏం దావీదూ," అన్నాడొక పెద్దమనిషి, "ఆదివారం చంకలో పెట్టుకు తిరిగే పుస్తకమేగా. చెయ్యేస్తే కరుద్దా ఏంది?"

జనం నవ్వారు.

"గోడ సక్రమంగా కట్టానండి. మళ్ళీ అడిగినా ఇదే చెబుతా," అన్నాడు దావీదు. చేతులు కట్టుకుని నిలబడ్డాడు. చెయ్యి చాపలేదు.

తప్పు అతనిదేనని తేల్చారు. గోడ తన కష్టంతో తిరిగి కట్టాలన్నారు.

కాయ అమ్ముడుపోయాక దావీదు ఆ గోడ విప్పి, పునాది దాకా తవ్వాడు. ఒక మధ్యాహ్నం నాకు కబురు పెట్టాడు. ఊరంతా అక్కడ ఉంటుందనుకుంటూ వెళ్ళాను. అతనొక్కడే గుంటలో గుండెల లోతున నిలబడి ఉన్నాడు. గుంట పక్కన నేను పోయించిన కాంక్రీటు, దాని కింద ఇంకా నల్లమట్టి. ఆ మట్టిలోకి గడ్డపార గుచ్చాడు. సులువుగా దిగిపోయింది. తర్వాత తన కాళ్ళ దగ్గర ఒక పోటు వేశాడు. ఖణేల్మంది.

"గట్టినేల ఇక్కడుంది బాబూ," అన్నాడు.

"పెద్దమనుషుల్ని పిలుస్తావా?" అని అడిగాను.

"మీరు చూశారుగా," అన్నాడు. మళ్ళీ పనిలోకి వంగాడు.

తర్వాత చాలా పెద్ద కట్టడాల కింద నిలబడి తలెత్తి చూశాను. ఆ రోజు నా కాళ్ళ కన్నా కింద ఉన్న ఆ మనిషంత ఎత్తుగా ఏదీ కనిపించలేదు. ఒక్క కేక వేస్తే తన పేరు తనకు దక్కేది. ఎందుకు వెయ్యలేదు? నా అంతట నేనే చెబుతానని నమ్మాడా? లేక కర్పూరం వెలిగించిన కాంట్రాక్టర్ని కాదని తన మాట ఎవరూ నమ్మరని తెలిసి ఊరుకున్నాడా? రెండోదే నిజమైతే, అతన్ని ఇంత ఎత్తున నిలబెట్టి చూసుకోవడం కూడా నా తప్పించుకునే తోవే కావచ్చు. నాకు తెలియదు. తెలియకపోయినా, ఆ గుంట తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది.

గట్టినేల మీదనుంచి గోడ లేపాడు. ఏళ్ళు గడిచేకొద్దీ మిగిలిన మూడు గోడలూ చీలాయి. ఆ గోడ మీద వెంట్రుకంత గీత పడలేదు. ఊళ్ళో ఏమన్నారో తెలుసా? చూశారా, ఒళ్ళు దగ్గర పెట్టుకుంటే కట్టగలడు, మొదటిసారి కావాలనే చెడగొట్టాడు అన్నారు. అతని నిజాయితీకి సాక్ష్యంగా నిలబడ్డ గోడే అతని మీద నేరం మోపింది. అప్పుడూ నేను పక్కనే ఉన్నాను. నోరు విప్పలేదు.

మళ్ళీ అతన్ని ఎవరూ పనికి పిలవలేదు. తాపీ పట్టిన చేతులతో చీమకుర్తి క్వారీలో రాయి కొట్టడానికి వెళ్ళాడు. అక్కడే పోయాడని విన్నాను. నేను వెళ్ళలేదు.

క్షమించమని అడగడానికి అతను లేడు. మిమ్మల్ని అడిగే హక్కు నాకు లేదు. ఆ గోడ నావల్ల పగిలింది. దావీదు చేసిన తప్పేమీ లేదు. ఈ రెండు మాటలు బతికి ఉండగా కాగితం మీద పెట్టగలిగాను. ఊపిరి కొంచెం లోతుగా అందుతోంది.